తెల్ల పిట్ట, ఇటుక రంగు పిట్ట: వేసవి సెలవులకు ముందు ఒక మాట

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్న చలికాలంలో మన ఏడవ తరగతి పిల్లలు వరంగల్ జిల్లాలోని పాకాల చెరువుకు వెళ్లి వచ్చారు. కాకతీయుల నాటి ఆ చెరువు గురించే ఎక్కువ రాస్తారనుకున్నాం. తీరా చూస్తే నోటు పుస్తకాల నిండా తోక పిగిలి పిట్టే! నిగనిగలాడే నల్లటి తల, దాని మీద కుచ్చు, కంటి చుట్టూ నీలి వలయం, వెనక రిబ్బన్లలా ఊగే రెండు పొడవాటి ఈకలు. ఒళ్లు మామూలు పికిలి పిట్ట (బుల్‌బుల్) అంత ఉంటే, ఆ ఈకలే జానెడు దాటుతాయి.

ఒక అమ్మాయి చాలా మంచి ప్రశ్న రాసింది: "తెల్లదీ ఇటుక రంగుదీ రెండు జాతులా?" కాదు, జాతి ఒకటే. ఆడపిట్టలు ఇటుక రంగులో, పొట్టి తోకతో ఉంటాయి. లేత మగపిట్టలూ అంతే. మగదానికి పొడవాటి తోక రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అలా ఎదిగిన మగపిట్టల్లో కొన్ని ఇటుక రంగులో, కొన్ని తెల్లగా, అరుదుగా రెండు రంగులూ కలిసి కనిపిస్తాయి. అంత పెద్ద తోక ఉన్న మగది కూడా ఆడదానితో వంతులేసుకుని గుడ్లు పొదుగుతుందని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు మీరు చూడాల్సింది!

ఈ పిట్టలు ఎక్కువగా మే నుంచి జూలై మధ్య గూడు కడతాయి. సన్నని వేళ్లు, గడ్డిపోచలు అల్లి, పైన సాలెగూడు దారాలు పూసి, కొమ్మ చివర చిన్న గిన్నెలా కడతాయి. మూడు నాలుగు గుడ్లు పెడతాయి. సుమారు రెండు వారాల్లో గుడ్ల నుంచి పిల్లలు బయటికి వస్తాయి. కొన్ని జంటలు కావాలనే ఏట్రింత (చీలిన తోక ఉండే నల్ల పిట్ట) గూటికి దగ్గరలో చోటు చూసుకుంటాయి. కాకినైనా డేగనైనా తరిమికొట్టే ఏట్రింత పక్కనుంటే వీటికీ రక్షణే.

సరిగ్గా అదే సమయంలో మన పిల్లలు అమ్మమ్మ ఊళ్లలో, మామిడి తోటల్లో, వాగుల ఒడ్డున తిరుగుతుంటారు. అందుకే ఈ ఉత్తరం. గూడు కనిపిస్తే దూరం నుంచే చూడనివ్వండి. ఫోటో కోసం కొమ్మ వంచడం, ఆకులు తుంచడం వద్దని గట్టిగా చెప్పండి. ఆకుల చాటు పోతే గూడు ఎండకూ కాకులకూ దొరికిపోతుంది. పిల్లల చేతికి ఉండేలు ఇవ్వకండి. తోట ఉన్నవారికి మరో విన్నపం: ఈ పిట్ట నీడలో ఎగిరే పురుగులను గాలిలోనే పట్టి తింటుంది, కనుక వాగు పక్కన గుబురు చెట్లను నాలుగైనా ఉంచండి.

చూసిన పిట్ట, చోటు, తేదీ, అది చేస్తున్న పని పిల్లలు రాసుకోవాలి. బొమ్మ వేస్తే మరీ మంచిది. బడి తెరిచాక ఆ పుస్తకాలు సైన్సు ఉపాధ్యాయులకు ఇవ్వాలి. వీటికి మార్కులు ఉండవు. అన్నీ నేను స్వయంగా చదువుతాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు