ఇల్లు అమ్మే ముందు రంగు కాదు, గోడ చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటికి రంగులు వేయించి అమ్మకానికి పెడితే తొందరగా బేరం తెగుతుందని ఇప్పుడు ప్రతి బ్రోకరూ చెప్తున్నాడు. నేను కర్నూలులో రంగుల పని చేసే మేస్త్రీని. ఆ మాట నిజమే, కాదనను. కానీ ఆ మాట విని మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు అడుగుతున్న పని చూస్తే బాధగా ఉంది.

"గోడ ఉప్పు పొక్కింది మేస్త్రీ. రెండు కోటింగులు లప్పం పెట్టి మూసెయ్. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆగితే చాలు" అంటారు. మా ఊరి పాతబస్తీలో, హంద్రీ నది ఒడ్డున ఉన్న పాత ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. మట్టితో కట్టిన రాతి గోడలవి, పైన తర్వాతెప్పుడో సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి ఉంటారు. వాటిలో కొన్ని 2009 అక్టోబరు వరదలో మునిగినవి కూడా. అట్లాంటి గోడ నేలలోని తేమను పైకి లాగుతుంది. తేమతో పాటు ఉప్పూ ఎక్కుతుంది. నీరు ఆరిపోతుంది గానీ ఉప్పు అక్కడే పేరుకుని పైపూతను బయటికి నెడుతుంది. సున్నం కొట్టుకునే రోజుల్లో తేమ ఎట్లాగో బయటికి పోయేది. ఇప్పుడు వేసే ఎమల్షన్ రంగు పొర దాన్ని అంత తేలిగ్గా పోనివ్వదు. అందుకే పైన ఎంత ఖరీదైన రంగు వేసినా ఒక వానాకాలం తిరిగేసరికి బుడగలు లేస్తాయి.

కల్లూరు వైపు ఒక కుటుంబం బ్యాంకు లోను తీసుకుని ఇల్లు కొనుక్కున్నారు. వానలు పడ్డాక నన్ను పిలిచారు. బాత్రూమును ఆనుకుని ఉన్న బెడ్రూము గోడ మీద రంగు గీకే రేకు పట్టీతో ఒక్కసారి గీకితే లప్పం అప్పడంలా ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక నల్లగా బూజు, ఇంకా వెనక బుడగలు లేచిన పాత రంగు అట్లాగే ఉంది. అది గీకకుండానే పైన పూసేశారు. ఆ గోడ పక్కనే పిల్లాడి మంచం. "చూసినప్పుడు అంత బాగుండె గదన్నా" అని ఆ తల్లి మళ్లీ మళ్లీ అంటుంటే నాకు మాట రాలేదు.

అమ్మేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. తమకు తెలిసిన పెద్ద లోపం, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిది ఉంటే, దాన్ని అమ్మేవాళ్లే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో ఉంది. చెప్పకుండా దాచడం మోసం కిందికే వస్తుందనీ అందులోనే ఉంది. తెలిసి తెలిసి ఆ పని చేసిపెట్టే మేస్త్రీలకూ ఆ పాపంలో వాటా ఉందని నా అభిప్రాయం.

ఉన్న డబ్బులు ముందు లీకేజీకి పెట్టండి. మిద్దె మీద నెర్రెలు, బాత్రూము టైల్స్ సందులు, గోడలో పోయే పైపు, ఈ మూడూ చూపించండి. ఉప్పు పట్టిన చోట ప్లాస్టరింగ్ కొట్టేయించి, ఉప్పును పొడి బ్రష్‌తో దులిపించండి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే కనీసం 28 రోజులు ఆగాకే, రంగుకు ముందు వేసే ప్రైమర్ జోలికి పోవాలి. మట్టి కట్టుడు రాతి గోడకైతే సిమెంటు వద్దు, సున్నమే మేలు. ఆ తర్వాత హాలుకు, వాకిలికి, గేటుకు లేత రంగు వేయించినా చాలు, ఇల్లంతా అక్కర్లేదు. ముదురు నీలం, ఆరెంజి లాంటివి వేయిస్తే వాటిని కప్పడానికి ఎన్ని కోటింగులు కొట్టించాలో అని కొనేవాళ్లు అప్పుడే లెక్కేసుకుంటారు.

రిపేరుకు డబ్బు లేకపోతే దాచకండి. సి క్యాంపు దగ్గర ఒక పెద్దాయన చెమ్మ గోడకు రంగే వేయించలేదు. వచ్చినవాళ్లందరికీ ముందు ఆ గోడే చూపించాడు. ధర కొంచెం తగ్గించుకున్నాడు, ఇల్లు అమ్ముడుపోయింది. ఇప్పటికీ కొన్నవాళ్లు దారిలో కనిపిస్తే ఆయన్ను ఆగి పలకరిస్తారు.

కొనేవాళ్లకు కూడా ఒక మాట. కొత్త రంగు వాసన వస్తున్న ఇంట్లో నట్టింట్లో నిలబడి చూసి అడ్వాన్సు ఇవ్వకండి. అల్మారాల లోపల, తలుపుల వెనక, మెట్ల కింద చూడండి, పని తొందరలో అక్కడికి రోలరు పోదు. అనుమానం ఉన్న గోడకు ఒక ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు అంచులా టేపు వేసి ఒకటి రెండు రోజులు ఉంచమనండి. కవరు లోపలి వైపు, గోడను తాకే పక్క, నీటి బొట్లు పడితే ఆ గోడలో చెమ్మ ఉన్నట్టే. ఇంటివాళ్లు దానికి ఒప్పుకోకపోతే ఎందుకో అడగండి.

మీ పత్రికలో ఇళ్ల పేజీ వేసినప్పుడు ఏ గదికి ఏ రంగు బాగుంటుందో రాయడంతో పాటు ఈ సంగతులు కూడా వేయాలని నా మనవి.

ఇట్లు,
ఒక రంగుల మేస్త్రీ,
కర్నూలు