దీవి విల్లా ధర పూర్తిగా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

స్నేహితులు నలుగురైదుగురు కలిసి మాల్దీవుల్లో విల్లా తీసుకుని సెలవులు గడపాలన్న కోరిక మన తిరుపతి, చిత్తూరు యువతలోనూ కనిపిస్తోంది. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే కొన్ని ట్రావెల్ ఏజెన్సీలు రాత్రికి ఇంత అని ప్రకటించే ధరకూ, యాత్ర ముగిసేసరికి చెల్లించవలసి వచ్చే మొత్తానికీ పొంతన ఉండటం లేదు. 2025 జనవరి నుంచి అక్కడి రిసార్టుల్లో బస చేసే విదేశీ పర్యాటకులు తలకు రోజుకు 12 డాలర్ల హరిత పన్ను (పర్యావరణం పేరిట వసూలు చేసేది) కట్టాలి. పర్యాటక జీఎస్టీ 2025 జులై నుంచి 17 శాతమైంది; సేవా రుసుము దీనికి అదనం. మరో పెద్ద భారం, రాజధాని మాలే విమానాశ్రయం నుంచి దీవికి చేర్చే స్పీడ్‌బోటు లేదా సీప్లేన్ (నీటిపై దిగే చిన్న విమానం) ఛార్జీ. పైగా సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి కనుక, చెన్నై నుంచో బెంగళూరు నుంచో బయలుదేరి పొద్దుగూకాక దిగినవారికి ఒక రాత్రి బస ఖర్చు కూడా తప్పదు.

చౌకగా ఉంటుందని స్థానికులు నివసించే దీవిలో గది తీసుకుంటే అక్కడ మద్యం అమ్మరు. ప్రత్యేకించిన బీచ్‌లో తప్ప ఈత దుస్తులతో తిరగనివ్వరు. కొండపైన నియమాలకు అలవాటుపడిన మనకు ఇవి వింత కావు గానీ, ముందుగా తెలియాలి కదా.

తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్యకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం వీలు కల్పిస్తోంది. పన్నులు, పడవ ఖర్చులు కలిపి తలకు ఎంతవుతుందో ప్రకటనలోనే తెలుగులో ముద్రించేలా అధికారులు చూడాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి