ఇన్సులిన్ పొరపాటు జరిగిన రోజే రోగికి చెప్పించండి: ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

బెంగళూరు ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు నర్సులు, ఫార్మసిస్టులు నమస్కరించి రాసుకుంటున్నది.

వార్డుల్లో రెండు బలాల ఇన్సులిన్ ఉంటుంది. వయల్ (మందు సీసా) చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు, ఇన్సులిన్ పెన్నులో పెట్టే కార్ట్రిడ్జ్ 100. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండోదానికి నారింజరంగు మూత; ఏ సిరంజి మీది గీతలు ఆ బలానికే సరిపోతాయి. అర్ధరాత్రి పెన్ను మొరాయిస్తే కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్రమూత సిరంజితో లాగేస్తారు. డాక్టరు 20 యూనిట్లు రాస్తే మందు 20 గీత దగ్గరే ఆగుతుంది, కానీ ఒంట్లోకి వెళ్లేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. ఇక షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. తారుమారైతే ఇంకో చిక్కు. వయల్‌కి నారింజమూత సిరంజి వాడితే 20కి 8 యూనిట్లే పడతాయి. షుగర్ దిగదు, డాక్టరు గారు డోసు పెంచుతూ పోతారు. సరైన సిరంజి దొరికిన షిఫ్టులో ఆ పెంచిన డోసు పూర్తిగా పడి మనిషి పడిపోతాడు. ఆ షిఫ్టు నర్సు చేసిందంతా సరిగ్గానే ఉంటుంది, మాట మాత్రం ఆమెకే వస్తుంది.

గ్లూకోజ్ ఎక్కించాక చాలామంది తేరుకుంటారు. అసలు నష్టం ఆ తర్వాతే. హిందూపురం, మదనపల్లె నుంచి వచ్చిన బంధువులతో "ఇన్సులిన్ ఒంటికి పడలేదు" అనేస్తారు. వాళ్లు ఊరెళ్లి ఇన్సులిన్ మానేస్తారు. మానక ఏం చేస్తారు, పడలేదన్నది ఆసుపత్రేగా! అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలున్నాయి. ఏ సిరంజి వాడారో రాయని రికార్డు చేతికొచ్చి ఏం లాభం?

అందుకే ఒక సర్క్యులర్ కోరుతున్నాం. వార్డుకు ఒకే బలం ఇన్సులిన్ ఉండాలి. ఆర్డరులో "యూనిట్లు" అని పూర్తిగా రాయాలి. పొట్టిగా రాసే ఇంగ్లిషు యు అక్షరం సున్నాలా కనబడి 4 కాస్తా 40 అవుతుంది. ఇన్సులిన్‌లాగే పొరపాటైతే ప్రాణాలు తీసే మరో మందు, పొటాషియం క్లోరైడ్ ఆంపుల్స్ (చిన్న సీసాలు) మామూలు వార్డు ట్రాలీ మీద కనిపించకూడదు. పలచన చేయకుండా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది, దిద్దుకునే వ్యవధే ఉండదు.

పొరపాటు తెలిసిన రోజే, చికిత్స చేస్తున్న పెద్ద డాక్టరు రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి: ఏ మందు, ఎంతకు బదులు ఎంత, ఇప్పుడేం చేస్తున్నారు, ఇంటికెళ్లాక ఏ మూత సిరంజి కొనాలి. తెలుగులో చెప్పడానికి వార్డు ఆయాను పిలిచి చేతులు దులుపుకోకూడదు. చెప్పిన టైము కేస్ షీటులో ఎక్కాలి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో క్షమాపణ చెప్పడాన్ని తప్పు ఒప్పుకున్నట్టు లెక్కించకూడదని 2002 చట్టమే ఉంది. ఇక్కడ సారీ అన్న నర్సు మెమో కోసం ఎదురుచూడాలి. తనంతట తాను చెప్పిన సిబ్బందిపై ఆ కారణంగా శాఖాపరమైన చర్య ఉండదని అదే సర్క్యులర్‌లో రాయించండి. దాచినవాళ్లకు మాత్రం ఆ మినహాయింపు వద్దు.

ఇట్లు,
బెంగళూరులోని తెలుగు నర్సులు, ఫార్మసిస్టులు