వార్షిక నివేదిక 2024–25: చోరీ కేసులో నాణేల గుర్తింపు, ఇతర కార్యక్రమాలు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన నాణేల సేకర్తల సంఘం పనుల్లో ఎక్కువ శ్రమ పెట్టించినది, ఎక్కువమంది సభ్యులు వివరాలు అడిగినది ఒక ఇంటి చోరీ కేసులో పోలీసులకు చేసిన నాణేల గుర్తింపు. కేసు కోర్టులో ఉన్నందున ఊరు, పేర్లు, స్టేషన్ వివరాలు ఇక్కడ రాయడం లేదు. పద్ధతి మాత్రం పూర్తిగా ఇస్తున్నాం. ఇలాంటి పిలుపు రేపు మీలో ఎవరికైనా రావచ్చు.

పోయినవి వెండి రూపాయలు. దొరికింది ఒక వెండి కొట్టులో, అదీ ఆ కొట్టు సొంత పాత రూపాయలతో కలిసిపోయి. దర్యాప్తు అధికారికి ఎదురైన చిక్కు ఇదే. జాబితాలో ‘1918 బొంబాయి, జార్జి రూపాయి’ అని రాసి ఉంటే ఏం లాభం? ఆ ఏడాది అలాంటివి కోట్ల సంఖ్యలో అచ్చయ్యాయి. సంవత్సరం, టంకశాల చెబితే నాణెం రకం తెలుస్తుంది. ఫలానా నాణెం ఫలానా ఇంటిదని చెప్పగలిగేవి దాని మీద పడ్డ దెబ్బలే: అంచు మీద నొక్కు, రాజు బొమ్మ బుగ్గ మీద గీత, ఎప్పుడో కాసుల దండకు కొక్కెం అతికించి ఊడదీసిన టంకం మచ్చ.

అందుకే మొదట చెప్పాల్సిన మాట: తుడవవద్దు. నల్లబడిన వెండిని చూడగానే రుమాలు తీసేవాళ్లు పోలీసుల్లోనూ ఉన్నారు, మనలోనూ ఉన్నారు. ఆ నలుపు ఎక్కడ చిక్కగా ఉంది, ఎక్కడ పలచబడింది అన్నది కూడా ఆనవాలే. పైగా వేలిముద్రలు తీయాల్సి ఉంటే ఆ పని అయ్యేదాకా మనం ముట్టుకోకూడదు. అన్నిటినీ ఒకే సంచిలో కట్టి ముద్ర వేసినా నష్టమే. ఒకదానికొకటి రాసుకుని కొత్త గీతలు పడతాయి, పాత ఫొటోతో పోల్చేటప్పుడు అవే అడ్డొస్తాయి. ఒక్కో నాణేన్ని ఒక్కో కాగితం కవరులో పెట్టించి, కవరు మీద నంబరు వేయించి, ఆ నంబర్లే పంచనామాలోకి ఎక్కేలా చూశాం. ‘పాత నాణేలు, ఇన్ని కిలోలు’ అని రాసిన పంచనామాతో తర్వాత ఏమీ చేయలేం.

పోల్చే పని ఇద్దరు సభ్యులకు అప్పగించాం. ఇంటివాళ్ల జాబితా చూపించకుండా ముందు దొరికిన సరుకునే రాయించాం. జాబితా చూశాక కన్ను తనకు కావలసిందే వెతుక్కుంటుంది. ఇంటి యజమానిని ఆ గదిలో ఉంచలేదు.

తూకానికి 0.01 గ్రాము చూపే త్రాసు వాడాం. పని మొదలుపెట్టే ముందు తూకపురాయితో సరిచూడాలి, ఫ్యాన్ ఆపాలి. గాలికి చివరి అంకె నిలవదు. విక్టోరియా నుంచి అయిదో జార్జి దాకా రూపాయి ప్రామాణిక బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. నిజాం చార్మినార్ రూపాయి 11.18. చేతులు మారి అరిగిన రూపాయి 11.50 దగ్గరికి రావడం మామూలే. ఇంటి పుస్తకంలో 11.52 అని ఉండి మన త్రాసు 11.53 చూపితే అది తూకంలో తేడా. 11.60 చూపితే అది ఆ నాణెం కాదు, ఎందుకంటే అరిగిన వెండి తిరిగి పెరగదు. 11.41 చూపితే వేరే నాణెమైనా అయి ఉండాలి, ఎవరైనా రాపిడి పెట్టైనా ఉండాలి.

చార్మినార్ రూపాయల దగ్గర పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. మధ్య కమానులో అరబిక్ అక్షరం ‘మీమ్’ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. తేదీలు హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) ప్రకారం ఉంటాయి. అరబిక్ అంకెలు రానివాళ్లు రాసిన జాబితాలో రెండు, మూడు తారుమారయ్యే అవకాశం ఎక్కువ. రాసిన సంవత్సరాన్ని నమ్మకుండా ఫొటోనే నమ్మాలి.

1939 రూపాయి అని చెప్పుకునే బిళ్ళ సంగతి వేరు. అరుదైనది కాబట్టి నకిలీలూ ఎక్కువే. 1938 రూపాయి మీది 8ని చెక్కి 9 చేసినదైతే పదిరెట్ల భూతద్దంలో అంకె చుట్టూ నేల (బొమ్మ, అక్షరాలు లేని చదును భాగం) గీసుకుపోయి కనిపిస్తుంది. ఇక 1940 నుంచి రూపాయి వెండి సగానికి తగ్గింది, అంచు నడుమ గాడితో భద్రతా అంచు వచ్చింది. అసలు 1939కి మామూలు గీతల అంచే. పోతపోసిన నకిలీకి అంచు మీద అతుకు గీత, నేల మీద సన్నటి బుడగలు కనిపిస్తాయి. అయినా అనుమానం మిగిలితే నీటి తూకం: 11.66 గ్రాముల నాణెం నీళ్లలో మునిగినప్పుడు సుమారు 1.13 గ్రాములు తగ్గితే మేలు వెండి, 1.3 దాకా తగ్గితే రాగి, నికెల్ రకం లోహం. సాక్ష్యంగా ఉన్న నాణేన్ని తడపడానికి అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి, అదీ ఫొటోలన్నీ అయ్యాకే.

నివేదికలో మూడే మాటలు వాడాం: ‘అదే నాణెం’, ‘అదే రకం’, ‘చెప్పలేం’. ఇంటివాళ్ల దగ్గర రెండు వైపులా ఫొటో, తూకం రెండూ ఉన్నవాటికి మాత్రమే మొదటి మాట రాయగలిగాం. సంవత్సరం మాత్రమే రాసి ఉంచినవి ‘అదే రకం’ దగ్గరే ఆగిపోయాయి. అందులో కొన్ని నిజంగా ఆ ఇంటివే అయి ఉంటాయి, కానీ భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ కింద నిపుణుడి అభిప్రాయం ఇచ్చేవాడు ఊహను రాయకూడదు. ధర అడిగితే వెండి విలువ, సేకరణ విలువ విడివిడిగా ఇచ్చాం.

చోరీ జరిగిన వెంటనే వెండి కొట్లకు కబురు వెళ్లడం ముఖ్యం. 2022 నవంబరులో జర్మనీలోని మాంఖింగ్ మ్యూజియంలో 483 కెల్టిక్ బంగారు నాణేలు పోయాయి. మరుసటి ఏడాది నిందితులను పట్టుకున్నప్పుడు దొరికినవి 18 బంగారు ముద్దలు, ఒక్కొక్కటి నాలుగేసి నాణేలు కరిగించినట్టున్నవి. మన దగ్గర కరిగించే బట్టీ ఇంకా దగ్గర. అయితే పోయినవాటి ఫొటోలు పంచేటప్పుడు అన్ని గుర్తులూ బయటపెట్టవద్దు. కొన్ని ఆనవాళ్లు పోలీసులకు మాత్రమే తెలిసి ఉండాలి, లేకపోతే ఎవరైనా వచ్చి ‘నాదే’ అనవచ్చు.

దీని తర్వాత సభ్యులకు ఫొటో శిక్షణ పెట్టాం. ఫోన్‌ను స్టాండు మీద నిలువుగా ఉంచి, దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా వేసి బొమ్మ, బొరుసు తీయాలి. దీపాన్ని రెండో పక్కకు మార్చి మళ్లీ తీయాలి, ఒక కోణంలో దాగిన గీత మరో కోణంలో తేలుతుంది. అంచు ఫొటో మరవద్దు. నాణెం పక్కన స్కేలు పెట్టాలి. ఫ్లాష్ వాడితే వెండి మీద తెల్లటి మెరుపే మిగులుతుంది. జాబితాను నాణేలున్న బీరువాలోనే దాచుకుంటే రెండూ కలిసి పోతాయి. పీవీసీ కవర్లలో ఉన్నవాటిని మైలార్ (పాలిస్టర్ ప్లాస్టిక్) కవర్లలోకి మార్చండి, పచ్చటి జిగురు పట్టాక పాత ఫొటోతో పోలిక కష్టం.

మిగతా కార్యక్రమాలు క్లుప్తంగా: హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం నాణేల విభాగాన్ని సభ్యులు చూశారు. భూమిలో దొరికిన నిధులపై 1878 చట్టం గురించి ఒక సమావేశం జరిగింది. పది రూపాయలకు మించిన విలువ ఉన్న నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలన్న సంగతి చాలామందికి కొత్త. లంకెబిందె నాణేలంటూ ఎవరైనా అమ్మకానికి తెస్తే కొనవద్దు. దొంగ సొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుంది.

జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో విడిగా ఇస్తాం. తూకం, ఫొటో నమూనా ఫారాలు కార్యదర్శి దగ్గర ఉన్నాయి. త్రాసు, తూకపురాయి సంఘంవి కాబట్టి ముందుగా చెప్పి తీసుకెళ్లవచ్చు.

— కార్యవర్గం