ఇచ్చట మేమందరము క్షేమము

ఫర్వానియా, కువైట్
శుక్రవారం రాత్రి

అక్కకు తమ్ముడు దండాలు పెట్టి రాసేది.

నేను బాగుండా. పని మామూలే. పిల్లోళ్ళను స్కూలుకాడ దింపేది, ఎక్కించుకొచ్చేది, రాత్రి మేడం యాడికి పొమ్మంటే ఆడికి పోయేది. ఈ నెల దుడ్లు బావ అకౌంటుకు వేసినా, చూసుకోమను. అమ్మ బీపీ మాత్రలు ఒకనాడు మింగి ఒకనాడు మానేస్తాందంట. నువ్వు దాచిపెట్టినా నాకు తెలిసింది.

మొన్న మాట్లాడతా మాట్లాడతానే ఫోను పెట్టేస్తివి. అందుకే కాగితం పట్టుకున్నా, దీన్ని మధ్యలో కట్ చెయ్యలేవు గదా. పక్కూరాయన సోమవారం చెన్నై విమానానికి పోతాండాడు, ఆయన చేతికిస్తా.

"వారానికొక్క రోజు సెలవు, అదన్నా పడుకోకుండా ఊరోళ్ళకు ఓనమాలు దిద్దిస్తాండావా" అంటివి. అనేది ఎవురు? పెద్దోళ్ళకు చదువు చెప్పే సాక్షర భారత్ కేంద్రం నెలకు రెండు వేలకు నడిపినావు. 2018 మార్చిలో అది ఆగిపోయినాక కూడా పలకలు అటక మీద దాచిపెట్టినావు. ఇప్పుడు ఉల్లాస్ అని పేరు మారితే, పైసా రాకపోయినా మళ్ళా అరుగు మీద లైటేసుకుని కూర్చున్యావు. కరెంటు బిల్లు చూసి బావ గొణిగేది నాకు ఫోన్లో ఇనపడలేదనుకున్యావా?

భయపడొద్దండి. గుంపు కూడితే పట్టుకుంటారని అమ్మకు ఎవురో చెప్పినారంట. మేం ఉండేది మా రూములోనే, ఏడు మందిమి. జెండా లేదు, చందా లేదు. పై మంచం మీద ఇద్దరు, కింద ఐదు మంది, మధ్యలో అన్నం గిన్నె. అంతే మా బడి.

నేను అక్షరాలతో మొదలుపెట్టలేదు, అంకెలతో పెట్టినా. ఈడ అంకెలు వేరే. అరబ్బీ అయిదు అచ్చం మన సున్న మాదిరి గుండ్రంగా ఉంటాది. వాళ్ళ సున్న ఒట్టి చుక్క. మా రూములో వంటమనిషి ఐదేండ్లుగా బకాలాలో, అదే కిరాణా కొట్టులో, బిల్లు చూసి అయిదును సున్న అనుకుంటానే ఉన్యాడు, కొట్టాయన చెప్పిందే ఇచ్చొచ్చేటోడు. పోయిన నెల ఒకనాడు బిల్లు పట్టుకుని ఉరుక్కుంటా వచ్చినాడు, "రేయ్, ఇది అయిదేనా?" అని. ఈ దేశంలో ఉండేదానికి ఇచ్చే అకామా ఏ తేదీకి అయిపోతాదో ఇప్పుడు ఆయనే చూసుకుంటాడు.

బావ అడిగిండేది నిజమే, తెలుగు నేర్చినంత మాత్రాన అరబ్బీ కాగితం చదవలేరు. ఇంట్లో పనిచేసేటోళ్ళకు వారానికొక రోజు సెలవియ్యాలని ఈడ 2015లోనే 68వ నంబరు చట్టం వచ్చింది. కనీస జీతం అరవై దినార్లని ఆ మరుసటేడు ఉత్తర్వు ఇచ్చినారు. చానా మందికి ఆ సంగతి తెలీదు. ఖద్దామా పనికి, అదే ఇంటి పనికి, వచ్చిన మన ఆడోళ్ళు ఇద్దరు చదువుకుంటామన్యారు గానీ గడప దాటనిస్తేగదా. వాళ్ళకు ఫోన్లోనే రోజుకొక అక్షరం రాసి పంపిస్తాండా. పొయ్యి కాడ నిలబడి చూసుకుంటారంట.

ఒక బేల్దారాయన ఉండాడు, కడప టౌనాయనే. యాభై దాటినాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రాయను రెండూ రావు. ఉగాదికి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని దేవుని కడపకు పోయేటోడంట, ఆడి వెంకటేశ్వరస్వామిని చేసుకున్న బీబీ నాంచారి మా తురకోళ్ళ ఇంటి ఆడపడుచు అంటాడు. వీళ్ళకు ధైర్యం చెప్పను నేను బ్రౌన్ దొర కథ ఎత్తుకున్యా. 1820లో కడపకు వచ్చినప్పుడు ఆయనకు ఇరవై రెండేండ్లు గూడా నిండలేదు, మన భాష పెద్దయినాక నేర్చుకుని నిఘంటువే రాసినాడని. బేల్దారాయన అంతా ఇని, "ఎర్రముక్కపల్లెలో ఆయన పేరు మీద లైబ్రరీ ఉంది గదా, దాని పక్క ఇంటికి నేను గోడ కట్టినా. నెలన్నర. ఒక్కనాడూ లోపలికి పోలా" అన్యాడు. ఇంగ నాకు నోట మాట రాలేదు.

నీతో పనుండేది ఈడనే. నువ్వు నేర్పినట్టు 'తల', 'వల', 'పలక' అని తేలిక మాటలతో పోతాండా. వంటమనిషి ఏమో నా కూతురి పేరు ముందు నేర్పు, కడమది తర్వాత అని పట్టుబట్టినాడు. ఆ పాప పేరు లక్ష్మి. క కింద ష, దాని కింద మ, పైన గుడి! నాలుగు శుక్రవారాలైంది. పెన్ను ఎంత గట్టిగా వత్తుతాడంటే కింద పేజీలో గూడా అచ్చు పడతాది. ల బాగా రాస్తాడు, ఆన్నుంచి పీత నడిచినట్టు పోతాది. ఒత్తు తర్వాత నేర్పల్లనా, బొమ్మ మాదిరి దిద్దించల్లనా? నీ దగ్గర ఎంత మంది లక్ష్మమ్మలు వచ్చినారో, ఎట్ల నేర్పినావో చెప్పు.

అమ్మ ఇంకా వెనక కూర్చుని కందిబేడలు ఏరుతాందా? ఏరుతా ఇంటాదిలే, ఏమీ అనొద్దు.

కేంద్రం మూసేస్తానంటివి. చెనిక్కాయ కాలం వస్తే ఎవురూ రారు, వచ్చినోళ్ళు గూడా పరీక్షంటే పారిపోతారని. చదివేదానికి యాభై మార్కులు, రాసేదానికి యాభై, లెక్కలకు యాభై అంటే ఎవురికైనా గుండె జారతాది. అయితే నువ్వు మూసేస్తానన్న్యాక నాకు లోపల కొంచెం హాయిగా అనిపించింది. ఆ హాయి చూసే ఈ జాబు రాస్తాండా.

నీ దగ్గరికి చిన్నమ్మ వస్తాందని, అందరి కన్నా ముందుందని చెప్తివే, ఒంటి కన్నుతోనే.

నాకప్పుడు పన్నెండేండ్లు. కువైట్ జాబులు వీధిలో నేనే రాసేటోన్ని. చిన్నమ్మ మా అరుగు మీద కూర్చుని చెప్పింది: "ఎడమ కంటికి మసక కమ్ముతాంది, దీపం చుట్టూ రంగుల చక్రాలు కనపడతాండాయి, ఆస్పత్రికి దుడ్లు పంపమని రాయి నాయనా." నేను అప్పటికే పేజీ నిండా "ఇచ్చట మేమందరము క్షేమము, అచ్చట మీరు క్షేమమని తలుస్తాము" అని నింపేసినా. కింద రెండు వేళ్ళంత జాగా ఉంది. వీధిలో పిల్లోళ్ళు బ్యాటు పట్టుకుని పిలుస్తాండారు. "దుడ్లు పంపగలరు" అని రాసి అంటించబోయినా. ఒకసారి చదువు అనింది. ఆమె చెప్పిన మాటలే, చదివినట్టు వినిపించినా.

చిన్నాయన వచ్చేసరికి రెండేండ్లు. నీటికాసులన్యారు డాక్టరు, పోయిన చూపు రాదన్యారు. "కన్ను సంగతి రాయిస్తే పలకలేదు" అని ఆమె, "అట్ల రాయనే లేదు" అని ఆయన, ఈ పొద్దుకూ పోట్లాడుకుంటాండారు గదా. మనం నవ్వుకునేటోళ్ళం. నేను గూడా నవ్వినా అక్కా.

ఆ జాబులు చిన్నాయన ట్రంకు పెట్టెలో ఉండాయంట, పోయినసారి వచ్చినప్పుడు చూసినా. తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు.

కేంద్రం మూసేయొద్దు. ఆమెకు ఒత్తులు వచ్చేలోపల నేను ఊర్లో ఉండల్ల. సంక్రాంతికి సెలవు అడిగినా, ఇంకా ఏమీ చెప్పలేదు. అంతవరకు ఎవురికీ చెప్పొద్దు, బావకు గూడా.

మొదటి వాచకం పేజీలు ఫోటో తీసి పంపు, పలకలు పంపొద్దు, బరువు. వీలైతే ఎండుమిరపకాయలు కొంచెం, ఈడివి ఎర్రగా ఉంటాయి గానీ కారం ఉండదు. అమ్మ మాత్రల చీటీ గూడా ఫోటో తియ్యి.

నీ తమ్ముడు