ఇమామ్ అర్హత తేల్చేది పోలీస్ స్టేషన్‌లోనా?

సంపాదకులు గారికి,

మసీదులో ఇమామ్ (ముందు నిలబడి నమాజు చదివించేవాడు) నియామకం మీద జరిగిన తగాదా గురించి పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. తెలిసినవాళ్లు ఎవరైనా జవాబు రాస్తారేమోనని చూస్తే, ఇంతవరకు ఒక్క ఉత్తరమూ లేదు. ‘ముస్లిం పూజారి పదవికి రగడ’ అన్న శీర్షిక మీద కూడా ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇమామ్ పూజారి కాడండీ. ఇద్దరు మనుషులున్న చోట వాళ్లలో ఒకరు ఇమామ్ అయితే చాలు, జమాత్ (సామూహిక నమాజు) అయిపోతుంది. అదే వార్తలో ఆ పదవికి పోటీపడుతున్న ఇద్దరిలో ఒక కుర్రవాణ్ని ఒకచోట హాఫిజ్ అన్నారు, ఇంకోచోట మౌల్వీ, ఫొటో కింద ముల్లా, ఆఖరి పేరాలో ఖాజీ. ఖురాన్ 30 పారాలు కంఠస్థం చేసినవాడు హాఫిజ్. ఏళ్ల తరబడి మదర్సాలో ఫిఖహ్ (మత ధర్మశాస్త్రం), హదీస్ (ప్రవక్త మాటలు, చేతలు) చదివి బయటికొచ్చినవాడు మౌల్వీ. నిఖా రిజిస్టర్ చూసుకునేవాడు ఖాజీ. తహసీల్దారును పట్టుకుని బస్సు కండక్టర్ అని రాస్తే మీ డెస్కులో ఊరుకుంటారా?

తగాదా దేనికో ఊరందరికీ తెలుసు. ఆ హాఫిజ్ దూదేకుల (దూది ఏకే వృత్తి) ఇంటి బిడ్డ. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తాత పేరు చివర ‘అప్ప’ ఉంటుంది. ఎదుటి పక్షం పెట్టమంటున్నది పాత ఇమామ్ గారి కొడుకును. దీన్ని మీ విలేఖరి ‘సామాజిక కారణాలు’ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. పైగా కమిటీ పెద్ద ఒకాయన చెప్పిన ‘జనానికి ఇష్టం లేని మనిషి వెనుక నమాజు చెల్లదు’ అన్న మాటను షరియత్ తీర్పులాగా బాక్సు కట్టి వేశారు.

ఆ మాట సగం హదీసు, సగం కమిటీ సొంతం. ముసల్లీలకు (నమాజుకు వచ్చేవాళ్లకు) ఇష్టం లేకపోయినా పట్టుబట్టి ఇమామత్ చేసేవాడి నమాజు తల మీదికి జానెడైనా లేవదని హదీసులో ఉన్నమాట నిజమే. కానీ ఇష్టం లేకపోవడానికి కారణం ఏమిటని ఉలమా (మత పండితులు) ముందే అడిగారు. లోపం అతనిలో ఉండి, లేదా అతనికంటే అర్హుడు అక్కడే ఉండి జనం వద్దంటే తప్పు అతనిది. అర్హత ఉన్నవాణ్ని లోకం పట్టింపులతో వద్దంటే తప్పు వద్దన్నవాళ్లది. తప్పు ఇమామ్‌దే అయినా ఆ ఇమామత్ మక్రూహ్ (తగనిది) అవుతుంది గానీ వెనుక చదివినవాళ్ల నమాజు రద్దు కాదు. మక్రూహ్‌కూ చెల్లకపోవడానికీ ఉన్న తేడా ఆ పెద్దమనిషికి తెలియకపోతే పోనీ, అచ్చువేసే ముందు మీరైనా ఒక ఆలింకు (మత పండితుడికి) ఫోన్ చేయొచ్చు కదా!

ఎవరు ముందు నిలబడాలో వరస ఎప్పుడో తేలిపోయింది. హదీసులో మొదటి మాట, అల్లాహ్ గ్రంథం బాగా చదివేవాడు. తర్వాత సున్నత్, అంటే ప్రవక్త ఆచరణ, ఎక్కువ తెలిసినవాడు, ఆ తర్వాత ముందు హిజ్రత్ చేసినవాడు (మదీనాకు వలస వచ్చినవాడు), ఆపైన వయసు. మన సీమలో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో నమాజు మసాయిల్ (నియమాలు) తెలిసినవాడిది మొదటి స్థానం, ఖిరాత్ (ఖురాన్ పఠనం) రెండోది. దీనికి వాళ్లు చూపే ఆధారం గట్టిది. సహచరుల్లో ఖిరాత్‌లో మేటి ఉబయ్ బిన్ కాబ్ ఉండగానే, ప్రవక్త తన చివరి జబ్బులో మరో సహచరుడు అబూబక్ర్‌ను ముందు నిలబెట్టారు. వంశం మాట పుస్తకాల్లో లేదని నేననను. ఉంది. విద్య, ఖిరాత్, పరహేజ్‌గారీ (దైవభీతి), వయసు, గుణం అన్నీ ఇద్దరికీ సమానంగా తూగిన తర్వాత, ఎక్కడో అడుగున, గొంతు బాగుండటం, బట్టలు శుభ్రంగా ఉండటం పక్కన ఉంది. మనవాళ్లు జాబితాను తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు.

వంశమే ముఖ్యమైతే మదీనా దగ్గర ఖుబాలో సాలిం ఇమామ్ అయ్యేవాడు కాదు. ఆయన విముక్తి పొందిన బానిస. ప్రవక్త మదీనా చేరకముందే అక్కడికి వచ్చిన ముహాజిర్లకు (మక్కా నుంచి వలస వచ్చినవాళ్లకు) ఆయనే నమాజు చదివించాడని, అందరికంటే ఖురాన్ ఎక్కువ వచ్చింది ఆయనకేనని హదీసు చెబుతోంది. ఆయన వెనుక నిలబడినవాళ్లలో తర్వాత ఖలీఫా అయిన ఉమర్ ఉన్నారు. ఉమర్‌కు లేని పట్టింపు మన కమిటీకి వచ్చింది.

ఇక ‘తెలుగు నోటికి ఖురాన్ తిరగదు’ అన్న వెక్కిరింపు. అరబ్బీలో ఖాఫ్ పలకాలంటే నాలుక మొదలు అంగిలికి తగిలి, ఆగి, టక్కున విడిపోవాలి. తెలుగు పిల్లలు మొదట్లో దాన్ని మామూలు ‘క’ చేస్తారు. అప్పుడు ‘పలుకు, చెప్పు’ అనే అర్థమున్న ‘ఖుల్’ అనే మాట ‘కుల్’ అయి ‘తిను’ అని అర్థమిస్తుంది. తప్పే. మరి మన దక్కనీ ఉర్దూ నోరు చేసేదేమిటి? అదే ఖాఫ్‌ను ‘ఖబర్’లో ఖె లాగా గొంతులో గీరుతుంది. అరబ్బీలో వేరువేరుగా పలకాల్సిన జే, జాల్, జ్వాద్, జోయ్ నాలుగింటినీ కలిపి ఒకే ‘జ’గా దంచుతుంది. రుకూలో (నమాజులో నడుం వంచినప్పుడు) ‘సుబ్‌హాన రబ్బియల్ అజీం’ అంటాం. అందులోది జోయ్. అది పలకలేనివాడు ‘అజీం’ బదులు ‘కరీం’ అనాలని హనఫీ ఫిఖహ్ పుస్తకాల్లో రాసి ఉంది, జే పడితే అర్థం చెడుతుందని. ఆ లెక్కన ఎన్ని ‘ఖాన్‌దానీ’ (గొప్ప వంశపు) నోళ్లు ‘కరీం’ అనాలో మీరే చూసుకోండి. ఎవరి నోరైనా ఉస్తాద్ ముందు కూర్చుని మష్ఖ్ (సాధన) చేస్తేనే తిరుగుతుంది. పుట్టిన ఇల్లు తిప్పదు.

అర్హత పరీక్షించడానికి పంచాయితీ అక్కర్లేదు, తెలిసిన ఆలిం ఒకరుంటే అరగంట పని. ముందు ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) చదివించాలి. ‘అన్‌అమ్‌త’లో చివరి ‘త’ జబర్‌తో (‘అ’కార గుర్తుతో) పలుకుతున్నాడా? అది ‘తు’ అయితే ‘నీవు అనుగ్రహించిన’ అనేది ‘నేను అనుగ్రహించిన’ అవుతుంది. తర్వాత మసాయిల్. నాలుగు రకాతుల (ఆవృతాల) ఫర్జ్‌లో (తప్పనిసరి నమాజులో) రెండో రకాత్ తర్వాత కూర్చోకుండా నిటారుగా లేచేస్తే? తిరిగి కూర్చోకూడదు, ముందుకెళ్లి చివర సజ్దా-ఎ-సహూ (మరపును సరిదిద్దే సాష్టాంగం) చేయాలి. చివరి ఖాయిదా (కూర్చోవడం) మరిచి ఐదో రకాత్‌కు లేస్తే? ఆ రకాత్ సజ్దాలోకి పోకముందు గుర్తొస్తే వెనక్కి రావాలి, సజ్దా చేసేస్తే ఆ ఫర్జ్ పోయింది, మళ్లీ చదవాలి. ముసాఫిర్ (ప్రయాణికుడు) ఇమామ్ అయితే జొహర్‌లో (మధ్యాహ్నం నమాజులో) రెండు రకాతులకే సలాం తిప్పి ముగిస్తాడు, స్థానికులు లేచి మిగతా రెండూ పూర్తిచేసుకోవాలి. నమాజు మధ్యలో వజూ (నమాజుకు ముందు చేసుకునే శుద్ధి) పోతే వెనుకున్నవాళ్లలో తగిన ఒకరిని ముందుకు లాగి తాను తప్పుకోవాలి.

అందుకే ఇమామ్ వెనుక వివేకం, తెలివి ఉన్నవాళ్లు నిలబడాలని ప్రవక్త చెప్పారు. మన మసీదుల్లో ఆ చోటు ఎవరిది? జుమా రోజు మాజీ కౌన్సిలర్‌ది, ఎన్నికలు దగ్గరపడితే కాబోయే కౌన్సిలర్‌ది. వజూ పోయి ఇమామ్ వెనక్కి తిరిగితే ఆయన ఎవరి చెయ్యి పట్టుకోవాలి? కొన్నిచోట్ల ఇమామ్ ఎంపికంటే మైకు పరీక్షే. ఆంప్లిఫయర్‌లో ఎకో పెంచి ఎవరి గొంతు బాగా మోగితే వాళ్లకు ఓటు.

తాత, తండ్రి ఇమామ్‌లు కాబట్టి కొడుక్కే హక్కు అనేవాళ్లకూ ఒక మాట. మసీదు కట్టించినవారికి ఇమామ్‌ను పెట్టే హక్కు ఉందని హనఫీలు ఒప్పుకుంటారు. అయినా మహల్లా వాళ్లు చూపినవాడు ఎక్కువ అర్హుడైతే మహల్లా మాటే నెగ్గుతుంది. కట్టించినవాడికే ఇంత హద్దు పెడితే, నమాజు చదివించినవాడి కొడుక్కు వారసత్వం ఎక్కడిది?

ఈ పోటీ వెనుక గౌరవవేతనం కూడా ఉంది. ప్రభుత్వం ఇచ్చేది ఇమామ్‌కు నెలకు 10 వేలు, మౌజన్‌కు (అజాన్ ఇచ్చేవాడికి) 5 వేలు. అది ఎన్ని నెలలకోసారి ఖాతాలో పడుతుందో ఇమామ్‌లనే అడగండి. ఇమామ్‌లకు జీతాలివ్వాలని సుప్రీంకోర్టు 1993 మేలోనే వక్ఫ్ బోర్డులకు చెప్పింది. అప్పుడు పుట్టిన పిల్లలు తాము ఇమామ్‌లయ్యే వయసుకొచ్చారు, ఆఫీసుల్లో దరఖాస్తులు మాత్రం ఇంకా ‘పరిశీలనలో’ ఉన్నాయి. మసీదు పేరు, బ్యాంకు పాస్‌బుక్, కమిటీ తీర్మానం అడుగుతారు. ఖిరాత్ వచ్చా, మసాయిల్ తెలుసా అని అడిగే గడి ఆ కాగితాల్లో ఎక్కడుంది?

చివరికి ఆ మసీదు సంగతి సీఐ గారి సమక్షంలో ‘సామరస్యంగా పరిష్కారమైంది’ అని రాశారు. వారం ఒకరు, వారం ఒకరట. శాంతిభద్రతలు చూడటం సీఐ గారి పనే, కాదనను. ఇమామత్‌కు షిఫ్టు డ్యూటీలు వేసే కితాబు ఆయన ఏ మదర్సాలో చదివారో గానీ! మీ విలేఖరి మళ్లీ అటు వెళ్తే ఒక్కటి కనుక్కోమనండి. ఇన్ని సమావేశాల్లో, ఇన్ని సంతకాల మధ్య, ఆ ఇద్దరు కుర్రవాళ్లను ఒక్క పేజీ చదివించి విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీ వార్తలో అది మాత్రం లేదు.

— ఒక పాఠకుడు, పాతబస్తీ, కర్నూలు