భిన్నాల పాఠాన్ని పిల్లల చేత చెప్పించండి: విద్యాశాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రివర్యులకు,

హనుమకొండ జిల్లాలోని ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో గణితం బోధిస్తున్న ఉపాధ్యాయురాలు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

ఐదో తరగతిలో 1/3, 1/4లలో ఏది పెద్దదని అడిగితే, మూడు కన్నా నాలుగు పెద్దది కనుక 1/4 పెద్దదని చెప్పే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. 1/2కు 1/3 కలపమంటే పై అంకెలను ఒకచోట, కింది అంకెలను ఒకచోట కూడి 2/5 అని రాస్తారు. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందన్న అనుమానం వారికి రాదు. తెలివి చాలక చేసే తప్పు కాదిది. ఒకటి, రెండు తరగతుల నుంచి మనమే నేర్పిన లెక్కింపు అలవాటును వారు నమ్మకంతో భిన్నాలకూ వర్తింపజేస్తున్నారు. లవహారాలు, అంటే పై అంకె, కింది అంకె రెండూ కలిసి ఒకే విలువను చెబుతాయని తోచేదాకా, కింది అంకెలను సమానం చేసే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) ఎన్నిసార్లు చేయించినా ఆ నేర్పు పరీక్ష దాటి నిలవదు.

ఇదే పిల్లల ఇళ్లలో మాత్రం భిన్నాలు రోజూ మాటల్లో ఉంటాయి. సోలెడంటే తవ్వెడులో సగమని, మానెడులో పావని బియ్యం కొలిచే నానమ్మకు తెలుసు. 40 గుంటలు ఎకరం కనుక 10 గుంటలు పావెకరం, 30 గుంటలు ముప్పావెకరం అన్న లెక్క రైతు నోట్లో ఉంటుంది. బడి లెక్కను, ఈ ఇంటి లెక్కను కలపాలని గత విద్యా సంవత్సరం ఒక పని చేయించాను. నలుగురైదుగురు పిల్లలు ఒక జట్టుగా ఏర్పడి, తమ ఇంట్లోనో చేనులోనో ఒక భిన్నాన్ని వెతికి, ఐదారు ఫొటోలు తీసి, వాటి గురించి చెప్పదలచింది రాసుకుని, ఒక నిమిషం పాటు తమ గొంతుతో రికార్డు చేసి, చిన్న వీడియోగా కూర్చాలి.

ఒక జట్టు సర్వపిండిని (బియ్యప్పిండితో చేసే గుండ్రటి రొట్టె) నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్కటీ పావని చెప్పింది. పైనుంచి తీసిన ఫొటోను తరగతిలో చూపగానే మిగతావారు ఒప్పుకోలేదు: ముక్కలు నాలుగే, కానీ సమానం కావు. తినేటప్పుడు ఎవరికీ పట్టని తేడా ఫొటోలో పట్టుబడింది. వారు మర్నాడు మళ్లీ కోసి, మళ్లీ ఫొటో తీసుకొచ్చారు. మరో జట్టులో ఇద్దరు పిల్లలూ తమ నాయన సగం చేనులో పత్తి పెట్టాడన్నారు. ఒకరి సగం 20 గుంటలు, మరొకరి సగం రెండెకరాలు. రెండు సగాలూ ఒకటేనా అన్న వాదన మొదలై, మాటలు మూడుసార్లు తిరగరాసిన తర్వాత, "దేంట్ల సగమో ముందుగాల చెప్పాలె" అన్న వాక్యం వారి నుంచే వచ్చింది. ఎన్నో ఏళ్లుగా నల్లబల్ల మీద వృత్తాలు గీసి నేను చెప్పలేకపోయిన విషయమది. ఒక బాబు తమ భూమి పాసుపుస్తకంలోని 1.10ని ఒకటీ పదో వంతుగా చదివితే, తాత అది ఎకరం పావని దిద్దారు. చుక్క తర్వాత ఉన్నవి గుంటలని, 10/40 అంటే 1/4 అని ఆ జట్టు చేసిన వీడియోను నేను ఇప్పటికీ ఇతర తరగతులకు చూపిస్తున్నాను.

ప్రభుత్వ టీవీ ఛానల్ టీ-శాట్ పాఠాలు నాకూ ఉపయోగపడుతున్నాయి. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పేందుకు 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వల్ల కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాల్లో తేరుకున్న పిల్లలను కళ్లారా చూశాను. అయితే చూసి గ్రహించడం వేరు, ఇంకొకరికి చెప్పడానికి సిద్ధపడటం వేరు. తన గొంతు తానే విని, తప్పు తెలుసుకుని, మళ్లీ రికార్డు చేసే బిడ్డ ఆ భావాన్ని నాలుగైదు సార్లు తిరగేస్తుంది. కాగితం మడిచి, కత్తిరించి చేసే పనికి ఇది బదులు కాదని, దాని తర్వాతి మెట్టని కూడా మనవి చేస్తున్నాను.

ఈ పనంతా నా సొంత ఫోన్‌తోనే సాగింది. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు పంపేదీ ఆ ఫోన్‌తోనే కనుక అది పిల్లల చేతిలో ఉన్నది చాలా కొద్దిసేపే. అందువల్ల ప్రతి ప్రాథమిక పాఠశాలకు, ఇంటర్నెట్ లేకున్నా ఫొటో, మాట రికార్డు చేయగల రెండు ట్యాబ్‌లనైనా, బీరువాలో దాచకుండా పిల్లలే వాడాలన్న స్పష్టమైన ఆదేశంతో ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఏడాది పొడవునా జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఎఫ్.ఎ.) ప్రాజెక్టు పనులు ఇప్పటికే ఉన్నాయి. కానీ అవి చాలాచోట్ల దుకాణంలో ప్రింటు తీయించి చార్టుకు అతికించడంగా మారాయి. పిల్లలు స్వయంగా చేసిన వీడియోలనూ ప్రాజెక్టులుగా అంగీకరించాలి. నాలుగు, ఐదు తరగతుల్లో భిన్నాల పాఠానికి ఏటా నాలుగు వారాల పాటు, వారానికి రెండు పీరియడ్లు అదనంగా కేటాయిస్తే ఈ పని తొందర లేకుండా సాగుతుంది. తల్లిదండ్రుల అనుమతితో, ముఖాలు కనబడకుండా, చేతులు, గొంతులు మాత్రమే ఉండేలా చేసిన వీడియోలను చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో ప్రదర్శించే వీలు కల్పిస్తే, తోటి ఉపాధ్యాయులకు మరో శిక్షణ అవసరమే ఉండదని నా నమ్మకం.

మీరు వరంగల్ వైపు పర్యటనకు వచ్చినప్పుడు, వీలైతే ఒక ప్రాథమిక పాఠశాలలో పావుగంట కూర్చుని, ఐదో తరగతి పిల్లలను 1/3 పెద్దదో 1/4 పెద్దదో అడిగి, ఎందుకని కూడా అడగవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
హనుమకొండ జిల్లా